నేల వద్దన్న చోటు

జనవరి 11, 2016

బీజాపూర్ మీటింగ్‌ల, ఊర్లల్ల సర్కారు మందులు పంచే మితానిన్లందరికీ కొత్త రిజిస్టర్లు ఇచ్చిండ్రు. పాతదాంట్ల వెనక సగం ఖాళీగ ఉంది. ఎవరికి జ్వరం, ఎవరికెన్ని గోళీలిచ్చిన అని రాసే పుస్తకం. దాంట్ల నా సొద రాసుకుంటే ఎవరేమంటరు? ఈ ఊర్ల తెలుగు అక్షరం చదివేది నేనొక్కదాన్నే. మా ఆయనకు సంతకం వస్తది, అంతే.

చెర్ల హాస్టల్‌ల ఉన్నప్పుడు వార్డెన్ రోజుకో పేజీ రాయమనేది. అన్నీ అబద్ధాలు రాసేదాన్ని. పొద్దున్నే లేచిన, చన్నీళ్ళ స్నానం చేసిన అని. ఇప్పుడు ఎవరి కోసం అబద్ధాలు రాయాలె?

ఈరోజు రెండిండ్లల్ల జ్వరం. గోళీలిచ్చిన. వాగు ఆగింది.

జనవరి 12

నిన్న "వాగు ఆగింది" అని ఒక్క ముక్కల రాసి పుస్తకం మూసిన. ఏదో బండి ఆగినట్టు. నేను ఈ ఊరికి కోడలిగ వచ్చి పదకొండేండ్లు. మోదుగుపూలు రాలేదాక మోకాలు లోతు నీళ్ళు పారేవి. సంకురాత్రికి ముందే వాగు ఎండుడు ఆయతు మామ కూడ చూడలేదంట. ఆయన మా ఊరి పెద్ద, ఆయన వయసు ఆయనకే తెల్వదు.

పోయినేడు వానలు రెండే రోజులు పడ్డై. ఆ రెండు రోజులు మాత్రం ఆకాశం పగిలినట్టు పడ్డది. కొండ మీద గని దగ్గర పోసిన ఎర్రమట్టంత కడిగి మా మీదికి తోసింది. పొలాలల్ల, బాయిల, బోరింగుల అంతటా ఎరుపే. తర్వాత చుక్క లేదు. ఆ వాననీళ్ళే మా రాజేసు తాగిండు.

రాసిన. రాయొద్దనుకున్న, రాసిన.

జనవరి 13

రాజేశ్వరరావు అని ఇంత పొడుగు పేరు పెట్టిండు మా ఆయన, గనిల ఎవరో ఇంజనీరు పేరు నచ్చిందని. మూరెడు పిల్లగానికి బారెడు పేరు. బడిల హాజరు పిలిస్తే వాడు పలికేటోడు కాదు, అది వాడని వానికే తెల్వకపాయె. ఆరేండ్లు. ఆగస్టుల పోయిండు. వాంతులు, విరేచనాలు. నా సంచిల ఓఆర్ఎస్ పొట్లాలు ఇరవై ఉన్నై. కలిపి పట్టిన. ఆ నీళ్ళల్లనే కలిపిన. మరి వేరే నీళ్ళు ఏడున్నై?

వాగొడ్డున ఇప్పచెట్టు కింద పెట్టినం.

జనవరి 24

ఆయతు మామ ఊరంతటినీ కూసోబెట్టిండు. పదమూడు ఇండ్లు. పన్నెండు దొర్ల తెగోళ్ళవి, ఒకటి మాది. మా ఆయన తాత కూలికి వచ్చి ఈడనే ఉండిపోయిండంట.

మామ చెప్పిన మాట: "ఈ నేల అలిసిపోయింది. కొండకు అవతల ఊటగడ్డ ఉంది. మా నాయన చిన్నప్పుడు ఒక కరువుల ఆడికి పోయి నీళ్ళు తెచ్చిండ్రు. ఊట ఎప్పుడూ ఎండదు. గని మట్టి అటు దిగదు. నేలను అడుగుదాం. రమ్మంటే పోదాం."

ఒక రోజంత నడక. పొద్దున బయలుదేరితే పొద్దుగూకే యాళ్ళకు చేరతం.

నా పక్కన కూసున్న దేవే నా చెయ్యి పట్టుకున్నది. దేవే నా పక్కింటి పిల్ల, గంగే అత్త బిడ్డ. పెండ్లి చేసుకొని ఆర్నెల్లకు మొగుడు ఎటో పోతే తల్లింటికి తిరిగొచ్చింది. రాజేసు పోయినకాన్నుంచి నేను నీళ్ళకు పోతలేనని రోజూ పొద్దున ఒక బిందె తెచ్చి నా గడప ముందట పెట్టి పోతది. ఒక్క మాట అనదు.

"అక్కా, నువ్వొస్తవు గద?" అన్నది.

ఎటు చూసి తలూపిన్నో యాదికి లేదు.

ఫిబ్రవరి 2

గుట్ట మీద సిగ్నలొచ్చే రాయెక్కి ఎర్రయ్యతోని మాట్లాడిన. మా ఆయన. గనిల లోడింగు కాడ పని, కూలీల క్వార్టర్లల్ల ఉంటడు.

"ఇటు రా తిరుపతమ్మా. పొద్దున గంటసేపు నల్లా వస్తది. నీళ్ళు తెల్లగుంటై."

కొండ మీదోళ్ళకు తెల్లనీళ్ళు, కొండ కిందోళ్ళకు ఎర్రనీళ్ళు. మంచిగుంది న్యాయం.

"నేను రాను" అన్న.

"వాడు లేడే" అన్నడు.

"ఉన్నడు, ఇప్పచెట్టు కింద ఉన్నడు" అన్న. నేనే కట్ చేసిన.

ఫిబ్రవరి 9, ఊటగడ్డ

ఇంటికొకరు చొప్పున వచ్చినం. నీళ్ళెట్లున్నయో చూడు బిడ్డా అని మామ నన్ను కూడ తోలుకొచ్చిండు. కాళ్ళు పుండ్లయినై.

గింజల పద్ధతి నేను ఇంతకుముందు వినుడే, చూడలేదు. మామ పొద్దు గూకుతుండంగ మూడు చోట్ల అరచేయంత నేల గీకి పేడతో అలికిండు. చోటుకు మూడు బియ్యపు గింజలు, ఒకదానికొకటి ఆనేటట్టు పెట్టిండు. మీద ఆకుడొప్ప బోర్లించిండు. తెల్లారి డొప్ప ఎత్తినప్పుడు గింజలు ఆనుకొనే ఉంటే నేల రమ్మన్నట్టు. ఒక్కటి జరిగినా వద్దన్నట్టు. వద్దన్న చోటును మళ్ళ ఎన్నడూ అడగరంట. అడిగితే పట్టిపీడిస్తదంట.

"కాలుజారి ఎవడన్న తంతే?" అని అడిగిన.

మామ నవ్విండు. "తన్నకుండ నడవాలె బిడ్డా."

ఫిబ్రవరి 10

గింజలు జరిగినై. రెండు డొప్పల కింద మంచిగనే ఉన్నై. మూడోదాంట్ల ఒక గింజ విడిపడి వేలెడు దూరంల ఉంది.

మామ ముణుకుల మీద కూసొని చానాసేపు చూసిండు. లేచి, "వద్దన్నది" అన్నడు. ఎవరూ ఎదురు చెప్పలే. గంగే అత్త ఊట దగ్గరికి పోయి ఒక దోసెడు తాగి, ఇంకో దోసెడు నెత్తిన పోసుకొని వచ్చింది.

చీమలయ్యుంటై. ఆడ చీమలు మస్తుగున్నై.

ఫిబ్రవరి 11

చీమలే. నల్లచీమలు. నేను చూసిన.

ఫిబ్రవరి 26

ఇప్పపూలు అప్పుడే రాలుడు మొదలైంది. నెల ముందు. చెట్టుకు కూడ మతి పోయింది. రాజేసు దగ్గర ఊడ్చొచ్చిన. పూలన్నీ వాని మీదనే పడుతున్నై.

మార్చి 6

బోరింగు కొడితే తుప్పు వస్తున్నది, తర్వాత అది కూడ లేదు. వాగుల చెలమ తీసినం. ఇసుకల గుంత తోడితే కింద నీళ్ళు ఊరుతై, వడకట్టినట్టు తేటగుంటై. మొదటిరోజు మోచేయి లోతుల తగిలినై. అందరం నవ్వినం. ఇగ నీళ్ళున్నై గద అని నేను గట్టిగనే అన్న. ఎవరికి చెప్తున్ననో.

మార్చి 23

చెలమ నడుము లోతైంది.

పంచాయతీ సచివ్ సాబ్ టాంకర్ పంపుతనన్నడు. టాంకర్ రోడ్డు దాకనే వస్తది, రోడ్డు మాకు నాలుగు కిలోమీటర్లు. నాలుగు రోజులు వచ్చింది. ఐదో రోజు మేం బిందెలు పట్టుకొని మిట్టమధ్యాహ్నం దాక నిలబడ్డం. తర్వాత ఎవరో చెప్పిండ్రు, రోడ్డు పక్కన ఉన్నోళ్ళకే అంట, అడివిల ఉండి నీళ్ళు రాలేదంటే ఎట్ల అంట. అంటే నీళ్ళు ఊరికి రావు, ఊరే నీళ్ళ కాడికి పోవాలె. పోదామనే గద పోయినం.

ఏప్రిల్ 4

సుక్రాం ఇల్లు ఖాళీ. పెండ్లాం పిల్లల్ని తీసుకొని భద్రాచలం దిక్కు ఇటికబట్టీకి పోయిండు. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి దగ్గుమందు అడిగిండు. ఇచ్చిన. పన్నెండు ఇండ్లు.

ఏప్రిల్ 17

చెలమ నిలువు లోతైంది. మెట్లు తొక్కి దిగుడు. కిందికి ఒకరు దిగి సొరకాయ బుర్రతోని తోడి పోస్తరు, మీద ఒకరు బిందె గుంజుతరు. బిందె నిండనీకి అన్నం ఉడికినంతసేపు పడుతున్నది. లైన్ల నిలబడి నిలబడి ముసలోళ్ళు ఇసుకల్నే కూలబడుతున్నరు. నలుగురికి కండ్లు తిరిగినై ఈ వారం. గోళీలిస్తున్న. దూపకు గోళీ ఉంటదా?

చీమలు కాదు.

ఏప్రిల్ 18

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్న. కొట్టేస్తే ఏమైతది? నాకైతే తెలుసు.

ఆ పొద్దున నేను ముఖం కడుక్కోనీకి ఊట దగ్గరికి పోయిన. వెలుగు వచ్చింది. అందరూ నెగడు కాడ చలి కాగుతున్నరు, వీపులు నా దిక్కున్నై. ఊటనీళ్ళు తాగిన. నేను పుట్టినకాన్నుంచి అంత మంచి నీళ్ళు తాగలేదు. గొంతు దిగంగనే కడుపుల ఏదో మండింది. ఈ నీళ్ళు వీళ్ళందరూ తాగుతరు, నేను తాగుత, మా రాజేసు ఒక్కడు ఆ ఎర్రమట్టిల ఉంటడు. రోజు నడక దూరం. వానికి ఒక్కడు పండుకోవాలంటే భయం. నా చీరకొంగు ఏలికి చుట్టుకుంటెగాని కన్ను మూసేటోడు కాదు.

తిరిగొస్తుంటే మూడో డొప్ప నా కాళ్ళ కాడనే ఉంది. ఎత్తిన. గోటితోని ఒక గింజను జరిపిన. మూసిన. తుమ్మినంతసేపు కూడ పట్టలే.

థూ. ఏం మనిషిని నేను.

ఏప్రిల్ 19

ఈరోజు చెప్త ఆయతు మామకు.

ఏప్రిల్ 20

చెప్పలే. మామకు జ్వరం. తగ్గినంక చెప్త.

ఏప్రిల్ 28

మామకు జ్వరం తగ్గింది. పొలంల నాగలి చెక్కుతున్నడు, వానలొస్తయని. పక్కన కూసున్న. "ఏంది బిడ్డా" అన్నడు. "నాగలి మంచిగొచ్చింది" అన్న.

వానలొస్తే చెప్పే పనే ఉండదు గద. నెలన్నర ఆగితే అయిపాయె.

మే 8

దేవే పోయింది.

మే 11

రాస్త. రాయకపోతే రేపు ఇది కూడ చీమల లెక్క మారుస్త నేను.

పొద్దున ఎనిమిదైతుంది. దేవే సన్నగుంటదని రోజూ ఆ పిల్లే చెలమల దిగుతది. ఇప్పుడు రెండు నిలువుల లోతు. నేను మీద బిందె గుంజుతున్న. మూడు బిందెలైనై. నాలుగోది నాది. "అక్కా, నీది నిండుగ పోస్తున్న, ఒలకబోయకు" అన్నది కింది నుంచి. తాడు బరువెక్కింది. అప్పుడే పక్క ఇసుక జారింది. చప్పుడు కూడ ఏం లేదు. గుంత ఉన్న చోట గుంత లేదు.

చేతులతోని తోడినం. మగోళ్ళు పారలు తెచ్చిండ్రు, పారతోని తోడితే తలకు తగుల్తదని గంగే అత్త ఒర్రింది, మళ్ళ చేతులతోనే తోడినం. తోడిన కొద్ది జారుతున్నది. దొరికేటప్పటికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. నేను మితానిన్‌ని గద, నోట్ల ఇసుక తీసిన, ఊపిరి ఊదిన, ట్రైనింగుల చెప్పినట్టే చేసిన. చానాసేపు చేసిన. మామ వచ్చి నా భుజం పట్టి లేపిండు.

రాజేసు పక్కన్నే పెట్టినం. ఆ ఒడ్డున్నే కొంచెం మెత్తటి నేల ఉంది.

నాకు ఏడుపు రాలే. ఇప్పుడు కూడ వస్తలేదు. గంగే అత్త ఏడుస్తుంటే ఆ చప్పుడు ఇంకేడనో, వేరే ఊర్ల అయితున్నట్టు వినొచ్చింది. ఇంటికొచ్చి పొయ్యి ముట్టించి గంజి కాసుకొని తాగిన. సిగ్గు లేకుండ తాగిన.

మే 12

గడప ముందట బిందె లేదు. చూసిన. ఎందుకు చూసిన్నో.

మే 15

చెప్పిన.

ఆయతు మామ ఇంటి అరుగు మీద, పట్టపగలు, గంగే అత్త కూడ ఆడనే ఉన్నది. అత్త ముందట చెప్పాల్నని ఆమె వచ్చిందాక కూసున్న. మొత్తం చెప్పిన. ఊటనీళ్ళు తాగింది, కడుపుల మండింది, గోటితోని జరిపింది. "అది మంచి చోటు మామా. నేల వద్దనలేదు. నేనే. ఇప్పుడన్న పోదాం పాండ్రి" అన్న.

కొడతరనుకున్న. కొడితే మంచిగుండు.

మామ చుట్ట ఆర్పి పక్కన పెట్టిండు. "నీకు జరపాలనిపించింది. ఎందుకనిపించింది?" అని అడిగిండు.

"నా కొడుకు కోసం."

"చీమ జరిపితే దాని ఆకలి కోసం జరుపుతది. గాలి జరిపితే దాని దారి కోసం జరుపుతది. నేలకు నోరు లేదు బిడ్డా. ఎవరో ఒకరి చెయ్యి పట్టుకొనే చెప్తది."

"కాదు మామా! నేను తప్పు చేసిన అంటున్న. నీకు చెవులు వినొస్తలేవా?" అని ఒర్రిన ఆయన మీద. పెద్దాయన మీద.

"గింజ జరిగింది గద" అన్నడు. "జరిగిన చోటును మళ్ళ అడగం."

అంతే. నా తప్పును నా చేతులకెల్లి గుంజుకొని నేలకిచ్చేసిండు. తిట్టలే, శపించలే, పో అనలే. మంచి నీళ్ళు ఒక రోజు నడకల ఉన్నై. వాటి దిక్కు ఇగ ఎవరూ పోరు. దేవే కూడ తిరిగి రాదు.

గంగే అత్త అంతసేపూ నేల చూసుకుంట కూసున్నది.

మే 18

మళ్ళ ఊరు కూసున్నది. ఇంకో చోటు అడిగే ఓపిక మామకు లేదు. "ఎవరి దారి వాళ్ళు చూసుకోండ్రి. బతికుంటే జాతరల కలుస్తం" అన్నడు. ఊరు కట్టిన మనిషి మనుమడు, ఊరు విప్పుతున్నడు. మొగోళ్ళు ముఖాలు దాచుకున్నరు. నాలుగిండ్లు రోడ్డు పక్కకు, టాంకర్ ఆగే చోటికి. మూడిండ్లు దోర్నపాల్ దిక్కు, రెండు భద్రాచలం దిక్కు. మామ తన చెల్లెలి ఊరికి. గంగే అత్త మామ వెంట.

లేచేటప్పుడు గంగే అత్త నా ముందటికొచ్చి నిలబడ్డది. మూడు రోజుల తర్వాత ఆమె నోట్లకెల్లి వచ్చిన మొదటి మాట.

"నీకు ఈడ ఉండాల్నని ఉండె గద."

"ఉండె అత్తా."

"అయితే ఉండు. నా బిడ్డ నీ కొడుకు పక్కన ఉన్నది. ఇద్దరినీ చూసుకో. ఇగ నువ్వు కదలకు."

కోపంగ అనలే. పొయ్యి మీద కూర చూడమన్నట్టు అన్నది. "సరే అత్తా" అన్న.

మే 26

మామ వాళ్ళు పొద్దున్నే పోయిండ్రు. వీళ్ళే ఆఖరు. తలుపులు తీసుకపోయిండ్రు, దూలాలు తీసుకపోయిండ్రు, కోళ్ళను బుట్టలల్ల పెట్టుకున్నరు. మామ చెక్కిన కొత్త నాగలి భుజాన పెట్టుకొని నడిచిండు. వాగు దాటేటప్పుడు ఎవరూ వెనక్కి చూడలే. చూడొద్దంట. నేను మాత్రం అందరు కనపడకుండ పోయేదాక చూసిన.

రిజిస్టర్ ముందు పేజీలల్ల పన్నెండు ఇండ్ల పేర్ల పక్కన ఎవరు ఏ ఊరికి పోయిండ్రో రాసిన. బాలింతలు ఇద్దరున్నరు, వాళ్ళ గోళీలు వాళ్ళకే ఇచ్చి పంపిన.

జూన్ 1

ఎర్రయ్య వచ్చిండు, గని బండి అడుక్కొని. సామాన్లు కట్టు అన్నడు. మూకుళ్ళు ఆయనే బస్తాల వేస్తున్నడు. నేను ఒక్కొక్కటి తీసి బయట పెడుతున్న.

"ఏందే నీకు పిచ్చా? మనుషులు లేరు, నీళ్ళు లేవు. ఇంతకుముందంటే పిల్లగాని కోసం అనుకున్న."

"ఇప్పుడు నా కోసం కాదు" అన్న. గంగే అత్త మాట చెప్పిన. గింజల సంగతి కూడ చెప్పిన. ఆయన బస్తా మీద కూలబడ్డడు. నా మొగుడు ఏడుస్తుంటే చూసుడు ఇది రెండోసారి. నేను పక్కన కూసొని ఆయన వీపు నిమిరిన. ఏమన్న అనిపిస్తదేమోనని చూసిన. ఏం అనిపించలే.

ఇద్దరం ఇప్పచెట్టు కాడికి పోయినం. ఆయన రెండిటి మీదా రాళ్ళు సర్దిండు, నక్కలు రాకుండ. సాయంత్రం బండెక్కిండు. వారానికోసారి వస్తనన్నడు.

జూన్ 3

వానల్లేవు. మబ్బు కూడ లేదు.

జూన్ 6

ఆ పాత చెలమ దిక్కు పోను. రోడ్డు పక్కకు పోయినోళ్ళ కాడికి నడిచి, వాళ్ళిచ్చిన బిందెడు నీళ్ళతోనే ఇన్ని రోజులు నడిపిన. దానికి ఇరవై అడుగుల అవతల, ఒడ్డుకు ఆనుకొని, మొన్న సాయంత్రం నేనొక్కదాన్నే కొత్తది తీసిన. మోకాలు లోతే. నాకు అంతకన్న తోడే ధైర్యం లేదు. అడుగున తడి కనపడ్డది, వదిలేసి వచ్చిన.

ఈ పొద్దున వాకిలి ఊడ్చి, ఇద్దరి దగ్గరా ఊడ్చి, బిందె పట్టుకొని పోయిన. చెలమ అంచుదాక ఊరి ఉన్నది. తేటగ, అడుగున ఇసుక కనపడేటట్టు. పన్నెండు ఇండ్లు తోడితే రెండు నిలువుల కింద కూడ బుర్రెడు దొరకని నీళ్ళు. ముంచిన. ఒక్క ముంపుల బిందె నిండింది. కూసొని చూస్తుంటే కొంచెం సేపటికి మళ్ళ అంచుదాక వచ్చినై.

ఒక్కదానికైతే సరిపోతున్నై.